రాత్రి ఎవరుంటారని అడగండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మేము తిరుపతి ఎం.ఆర్.పల్లెలో ఉంటాము. నేను టీచరుగా పనిచేసి రిటైరయ్యాను, మా వారికి ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. పుణెలో ఉన్న మా అమ్మాయికి అక్టోబరు చివర్లో కాన్పు. ఇక్కడికే తీసుకొద్దామనుకున్నాము కానీ అక్కడి డాక్టర్లు ప్రయాణం వద్దన్నారు. అందువల్ల మేమిద్దరమూ 20 రోజులు పుణెలో ఉండవలసి వస్తోంది, దీపావళి కూడా ఆ రోజుల్లోనే వస్తోంది. మా రాణి లాబ్రడార్ కుక్క, ఏడేళ్లది. ఇంతవరకు ఒక్క రాత్రి కూడా మమ్మల్ని విడిచి ఉండలేదు. టపాకాయల చప్పుడు వింటే మంచం కిందికి దూరి వణికిపోతుంది. చెవుల్లో తరచూ చీము పడుతుంది. కుక్కలను ఉంచుకునే చోట్లు రెండు చూశాము. ఒకటి ఊళ్లోనే, రెండో అంతస్తులో ఉంది. ఏసీ గదులు, సీసీ కెమెరాలు ఉన్నాయి, రోజుకు 900 రూపాయలు. రెండోది చంద్రగిరి దారిలో కొండ వైపు మామిడి తోటలో రేకుల షెడ్డు. భార్యాభర్తలు అక్కడే కాపురముండి నడుపుతున్నారు, రోజుకు 500. మా వారేమో అంత ఖర్చెందుకు, వరండాలో కట్టేసి పోదాము, పక్కింటాయన రెండు పూటలా అన్నం పెడతాడు అంటున్నారు. చిత్తూరులో మా మరిది కూడా తన దగ్గర వదలమంటున్నాడు, అతనికి రెండు మగకుక్కలున్నాయి. మాకేమీ పాలుపోవడం లేదు. దేన్ని చూసి నిర్ణయించుకోవాలో చెప్పగలరు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం సెప్టెంబరు మొదటి వారంలోనే చేరడం చాలా మంచిదైంది. ప్రయాణం రెండు రోజులుందనగా అడిగేవాళ్లే ఎక్కువ, అప్పుడిక ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దింపిపోవడం తప్ప చేయగలిగింది ఉండదు. మీకు ఏడు వారాలకు పైగా గడువుంది కాబట్టి టీకాలు సరిచూసుకోవచ్చు, రెండు చోట్లనూ మళ్లీ వెళ్లి చూడవచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా రాణిని ఒకటి రెండు రాత్రులు అక్కడ ఉంచి ఎలా ఉంటుందో పరీక్షించుకోవచ్చు.

మీరు ఏసీ గదినీ రేకుల షెడ్డునూ, తొమ్మిది వందలనూ అయిదు వందలనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. నేనైతే ముందుగా అడిగేది వేరు: రాత్రి తొమ్మిది గంటల నుంచి పొద్దున ఆరింటి వరకు, కుక్క ఏడిస్తే వినబడేంత దూరంలో, ఏ మనిషి పడుకుంటాడు? పగటిపూట ఏ బోర్డింగు అయినా బాగానే కనబడుతుంది, ఎందుకంటే పగలు మనుషులు వస్తూ పోతూ ఉంటారు, గచ్చు కడుగుతారు, గిన్నెలు తోముతారు. కొత్తచోట కుక్క బెంగపడేది, కడుపు ఉబ్బరించేది, వాంతులు మొదలయ్యేది, తలుపు గీరి గోళ్లు ఊడగొట్టుకునేది ఎక్కువగా రాత్రిపూట. ఆ తొమ్మిది గంటల సంగతి తేలకుండా మిగతా విషయాలు ఎంత చూసినా లాభం లేదు.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. ఇరవై ఏళ్ల కిందట మా చెల్లెలి కూతురి పెళ్లికని నా సొంత కుక్కను నాలుగు రోజులు ఒక బోర్డింగులో వదిలాను. అది నాటు కుక్కకూ అల్సేషన్‌కూ పుట్టిన మగకుక్క, మోతీ అని పిలిచేవాళ్లము. పశువైద్యుణ్ణి కదా, చూడవలసినవన్నీ చూశాననే అనుకున్నాను. గచ్చు పొడిగా ఉంది, నీళ్ల గిన్నెలు తోమి ఉన్నాయి, టీకాల పుస్తకం అడిగి రాసుకున్నారు. రాత్రి తొమ్మిదికి తాళం వేసుకుని అందరూ ఇళ్లకు వెళ్లిపోతారన్న సంగతి నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. అయిదో రోజు పొద్దున వెళ్లేసరికి మోతీ ముందుకాళ్ల గోళ్లు మొదళ్ల దాకా అరిగిపోయి, రెండు వేళ్ల మీద నెత్తురు ఎండి నల్లబడి ఉంది. నన్ను చూసి మొరగబోయింది కానీ గాలి తప్ప గొంతు రాలేదు. రాత్రంతా బాగానే పడుకుంది సార్ అని అక్కడి కుర్రాడు అంటున్నాడు. నేను ఆ గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి, లోపలి వైపు చూశాను. నా మోకాలి ఎత్తు నుంచి గడప దాకా చెక్క తెల్లగా తేలేట్టు గోళ్ల చారలున్నాయి. వాటి కింద ఇంకా పాత చారలున్నాయి, వాటి మీద ఆకుపచ్చ రంగు పూసి ఉంది. మోతీకి ముందు ఎన్ని కుక్కలు ఆ తలుపు దగ్గర నిలబడి రాత్రంతా గీరాయో నాకు తెలియదు. ఆ నాలుగు రోజులు నేను పెళ్లి పందిట్లో నిశ్చింతగా భోజనాలు వడ్డిస్తూ తిరిగానన్న బాధ ఇప్పటికీ పోలేదు. అప్పటి నుంచి ఎవరు నన్ను తమతో బోర్డింగు చూడటానికి రమ్మన్నా, నేను ముందుగా గది తలుపు వేసి దాని లోపలి వైపు చూస్తాను. మీరు కూడా తప్పకుండా చూడండి.

ఇక మీ వారి ఆలోచన. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, అది వద్దు. ఇంటి వాసన ఉంటుంది కదా, పరిచయమైన చోటే కదా అని ఆయన అనుకోవడంలో మంచి ఉద్దేశమే ఉంది, కానీ ఇల్లంటే కుక్కకు గోడలు కావు, మీరిద్దరు. రోజుకు రెండుసార్లు అన్నం గిన్నె పెట్టి వెళ్లే మనిషి మిగతా సమయమంతా దానికి లేనట్టే. పైగా టపాకాయలకు వణికే కుక్క దీపావళి నాడు గొలుసుకు కట్టి ఉంటే, మంచం కిందికి దూరే ఆ ఒక్క దారీ దానికి లేకుండా పోతుంది. లాగి లాగి మెడకు గాయం చేసుకుంటుంది, లేదా బెల్టు తెంపుకుని వీధిన పడి పారిపోతుంది. కుక్కను గంటల తరబడి పొట్టి గొలుసుతో కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకుండా వదిలేయడం 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడాను. అయితే మీ ఇంట్లోనే రాత్రిళ్లు పడుకుని, పగలు రెండు మూడు గంటలైనా దానితో గడపగల నమ్మకమైన మనిషి, రాణికి ఇప్పటికే అలవాటున్న బంధువో పాత పనిమనిషో దొరికితే, ఏ బోర్డింగూ దానికి సాటి రాదు. ముందు ఆ దారి ఉందేమో ఇద్దరూ కూర్చుని ఆలోచించండి.

మీ మరిది ఇంటి సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. చిత్తూరు మీకు 70 కిలోమీటర్ల దూరమే, మనిషి మనవాడే, కానీ అక్కడ రెండు మగకుక్కలకు ఆ వాకిలి సొంతం. రాణికి గర్భసంచి ఆపరేషన్ అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోయి ఉంటే, పోయినసారి ఎదకు ఎప్పుడు వచ్చిందో లెక్క చూసుకోండి. సాధారణంగా ఆరేడు నెలలకొకసారి ఎదకు వస్తుంది, మూడు వారాల వరకు ఉంటుంది. ఆ లెక్క నవంబరులో పడేటట్లయితే చిత్తూరు మాట పూర్తిగా మరచిపోండి, బోర్డింగు వాళ్లకు కూడా ఆ విషయం ముందే చెప్పండి. ఆపరేషన్ అయి ఉంటే మాత్రం ఈ నెలలోనే ఒక ఆదివారం రాణిని తీసుకెళ్లి, ఇంటి బయట, మూడు కుక్కలకూ తాళ్లు పట్టుకుని కాసేపు కలిసి నడిపించి చూడవచ్చు. అన్నం గిన్నెల దగ్గర గుర్రుమంటున్నాయా అన్నది అసలు పరీక్ష. ఒక పూట గుర్రుమన్నవి 20 రోజుల్లో కరుచుకోకుండా ఉండవు.

ఇప్పుడు మీరు చూసిన రెండు చోట్ల గురించి చెబుతాను. రెంటికీ మళ్లీ వెళ్లండి, కానీ ఈసారి పగటిపూట కాదు. ఒకసారి సాయంత్రం అన్నాలు పెట్టే వేళకు, ఒకసారి పొద్దున ఆరున్నరకు, ఇంకా గచ్చు కడగకముందే వెళ్లండి. రాత్రి ఎలా గడిచిందో ఆ కడగని గచ్చే చెబుతుంది. ఒకట్రెండు చోట్ల మూత్రం, మలం ఉంటే తప్పు లేదు, కుక్కలున్న చోట అది సహజం. గది నిండా తొక్కి పులుముకుని ఉందంటే మాత్రం సాయంత్రం తర్వాత ఎవరూ బయటికి వదలలేదని అర్థం. తలుపు తీయగానే కళ్లు మండేంత మూత్రపు ఘాటు వచ్చినా, దాన్ని కప్పేంత ఫినాయిల్ వాసన వచ్చినా నాకు నచ్చదు. ఫినాయిల్ తడి ఆరకుండా కుక్కను దాని మీద పడుకోబెడితే పాదాలు, పొట్ట చర్మం మండుతాయి, నాకితే ఇంకా ప్రమాదం. నీళ్ల గిన్నె లోపలి అంచున వేలు పెట్టి చూడండి. జిగటగా పాకుడు తగిలితే ఆ గిన్నె తోమి కొన్ని రోజులయిందన్నమాట. మరొకటి, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, మురుగు కాలువ. ఒక గది కడిగిన నీళ్లు పక్క గదిలో నుంచి పారుతూ బయటికి పోతున్నాయా, లేక ప్రతి గదికీ నీళ్లు నేరుగా బయటి కాలువలో పడుతున్నాయా? మొదటి విధంగా కట్టిన చోట ఒక కుక్కకు పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా, వరసలో ఉన్నవాటన్నిటికీ నీళ్లే మోసుకుపోయి అంటిస్తాయి.

ఊళ్లో ఉన్న ఏసీ గదుల చోటును నేను తీసిపారేయను. కానీ అక్కడ మీరు అడగవలసినవి మూడున్నాయి. రెండో అంతస్తు నుంచి రాణిని రోజుకు ఎన్నిసార్లు కిందికి దింపుతారు, ఏ వేళల్లో దింపుతారు, వీధిలో తిప్పేటప్పుడు తాడు ఎవరి చేతిలో ఉంటుంది? ఇంట్లో పోయే అలవాటు లేని కుక్క గంటల తరబడి మూత్రం ఉగ్గబట్టుకుంటుంది. కరెంటు పోతే ఏమిటి? కిటికీ లేని ఏసీ గదిలో త్వరగా ఉక్కపోత మొదలవుతుంది, లాబ్రడార్ లాంటి ఒత్తు బొచ్చు కుక్కకు అది కష్టం. మూడోది, సీసీ కెమెరాను రాత్రి రెండింటికి చూసేదెవరు? మీ ఫోన్లో మీరే చూసుకోవచ్చమ్మా అని వాళ్లు అంటే, పుణెలో పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని అర్ధరాత్రి మీరు రాణి వాంతి చేసుకోవడం చూసి, ఫోను చేస్తే ఎత్తే మనిషి లేక ఏడవవలసి వస్తుంది. కెమెరాకు కళ్లున్నాయి కానీ చేతులు లేవు. రాత్రి అక్కడే పడుకునే మనిషి ఉన్నాడంటే, అతని పేరు అడగండి, అతన్నే పిలిపించి మాట్లాడండి, పడుకునే మంచం ఎక్కడుందో చూపించమనండి.

మామిడి తోట షెడ్డుకు ఆ ఒక్క విషయంలో బలం ఉంది: భార్యాభర్తలు అక్కడే కాపురముంటున్నారు. మీరు రాసినదాన్ని బట్టి నా మనసు అటువైపే కొంచెం మొగ్గుతోంది. కానీ అది కొండ వైపు తోట కాబట్టి అడగవలసినవి అక్కడా ఉన్నాయి, వాటిలో మొదటిది చిరుత. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను చంపిన ఘోరం తర్వాత శేషాచలం అంచున ఉండేవాళ్లకు దాని గురించి వేరే చెప్పనక్కర్లేదు. చిరుతకు కుక్క సులువుగా దొరికే ఆహారం, ఆరడుగుల గోడ దానికి అడ్డమే కాదు. రాత్రి కుక్కలు ఉండే గదులకు నాలుగు వైపులా, పైకప్పుతో సహా, గట్టి ఇనుప జాలీ ఉండాలి. పైన తెరిచి ఉన్న దొడ్లో రాత్రిపూట వదులుతామంటే అక్కడ వదలవద్దు. చీకటి పడ్డాక, తెల్లవారకముందు కుక్కలను తోటలో తిప్పకూడదని గట్టిగా చెప్పండి. వానాకాలంలో రక్తపింజరి, నాగుపాము తిరిగే నేల కూడా అది, గదుల చుట్టూ గడ్డి, ఎండుటాకుల కుప్పలు లేకుండా శుభ్రం చేసి ఉందా అని చూసుకోవాలి. గేటుకు గడియ ఒకటే ఉందా, లేక ఒక తలుపు మూసిన తర్వాతే ఇంకొకటి తీసేలా రెండు తలుపులున్నాయా? భయపడ్డ కుక్క తప్పించుకుపోయేది అన్నం పెట్టడానికి తలుపు తీసిన ఆ రెండు క్షణాల్లోనే.

రెండోది వాన. మీరు వెళ్లేది మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడే రోజుల్లో. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరుల్లా పారి, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ ఊళ్లవాళ్లను ఖాళీ చేయించిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ వానకు ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయి అని ఆ దంపతులను అడగండి. వాళ్లు అప్పటికి రాకపోతే పక్క తోటవాళ్లను అడగండి. నిజం ఏదైనా దాచకుండా చెప్పేవాళ్లయితే, నీళ్లు వస్తే కుక్కలను ఎక్కడికి చేరుస్తారో కూడా ఆలోచించి ఉంటారు. రేకుల మీద పెద్దవాన పడితే వచ్చే మోత రాణి లాంటి పిరికి కుక్కకు టపాకాయల మోతకేమీ తీసిపోదు, అందువల్ల రేకుల కింద ఇంకో కప్పు వేసి ఉందా, కనీసం తాటాకో బోదో పరిచి ఉందా చూడండి. దీపావళి రాత్రి మాత్రం దాన్ని షెడ్డులో కాక తమ ఇంట్లోనే, ఒక గదిలో, మంచం కింద దుప్పటి పరిచి ఉంచుకుంటారేమో అడగండి. సరే అంటే ఆ ఒక్క రాత్రికి రెట్టింపు డబ్బు ఇచ్చినా తప్పు లేదు. ఊరి మధ్యలోని రెండో అంతస్తుతో పోలిస్తే తోటలో చప్పుడు తక్కువగా ఉండటమూ మీకు కలిసివచ్చేదే.

మీరు ఏ చోటుకు వెళ్లినా ఒక విషయం గమనించండి. మీరు అడిగే ప్రశ్నల కంటే వాళ్లు మిమ్మల్ని అడిగే ప్రశ్నలను బట్టే వాళ్లెటువంటివాళ్లో బాగా తెలుస్తుంది. టీకాల పుస్తకం తెచ్చారా, ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా, ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఏ డాక్టరుకు చూపిస్తారు అని వాళ్లంతట వాళ్లు అడిగితే ధైర్యం తెచ్చుకోవచ్చు. పుస్తకం అక్కర్లేదండీ, తీసుకొచ్చి వదిలేయండి అనేవాళ్లు రాణి పక్క గదిలో పెట్టే కుక్కకూ అదే మాట చెప్పి ఉంటారు. అటువంటి చోట ఉచితంగా ఉంచుకుంటామన్నా వద్దు.

టీకాల విషయానికి వస్తే, ఈ వారంలోనే రాణిని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. 1955 నుంచి మన ఊళ్లో ఉన్న కళాశాల అది, 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఇంత దగ్గరలో అటువంటి ఆసుపత్రి ఉండటం తిరుపతివాళ్ల అదృష్టం. రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో వంటివాటికి కలిపి ఇచ్చే టీకా ఏడాది దాటిపోకుండా ఉన్నాయేమో చూపించుకోండి. టీకా వేసిన తర్వాత ఒంట్లో శక్తి కూడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి, బయలుదేరే ముందు రోజు హడావుడిగా వేయించి లాభం లేదు. మీ విషయంలో లెప్టోస్పైరోసిస్ టీకా గురించి ప్రత్యేకంగా అడగాలి. అది ఎలుకల మూత్రంతో కలిసిన వాననీటి నుంచి వచ్చే జబ్బు, కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది, మనుషులకూ సోకుతుంది, తోటలో వానల రోజుల్లో దానికి అనువు ఎక్కువ. ఇంతకుముందు వేయించి ఉండకపోతే రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి, మీకు సరిగ్గా అంత సమయం ఉంది. కుక్కలు గుమిగూడే చోట సులువుగా అంటుకునే కెన్నెల్ దగ్గుకు కూడా టీకా ఉంది. అది జబ్బును పూర్తిగా ఆపదు కానీ తీవ్రతను తగ్గిస్తుంది. గోమార్లు, అంటే పిడుదులు, పట్టకుండా నెల రోజుల పైన పనిచేసే నమిలే మాత్రలు ఇప్పుడు దొరుకుతున్నాయి, రాణి బరువు చూపించి డాక్టరు చేత రాయించుకుని బయలుదేరే వారం ముందు వేయండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మన ప్రాంతంలో నేను చూసినన్ని కుక్కల్లో ఇంకే జబ్బూ చూడలేదు.

అదే రోజు డాక్టరుతో టపాకాయల భయం గురించి కూడా మాట్లాడండి. భయాన్ని తగ్గించే మందులున్నాయి, కానీ వాటిని ముందు మీ ఇంట్లో, మీ కళ్లెదుట, ఒకసారి ఇచ్చి ఎలా పనిచేస్తుందో చూసుకున్న తర్వాతే బోర్డింగువాళ్ల చేతికి ఇవ్వాలి. కొన్ని చోట్ల ఎక్కువ మొరిగే కుక్కలకు యజమానికి చెప్పకుండా మత్తుమాత్ర ఇచ్చి పడుకోబెడతారు. కదలకుండా చేసినంత మాత్రాన కుక్కకు భయం పోదు, లోపల బెదురుతూనే ఉంటుంది, లేచి తిరగలేదు, అంతే. డాక్టరు రాసివ్వని ఏ మాత్రా ఇవ్వకూడదని కాగితం మీద రాసి, దాని కింద వాళ్ల చేత సంతకం చేయించుకోండి.

ఆ కాగితం సంగతి కొంత వివరంగా చెప్పాలి. ఒక తెల్లకాగితం మీద రాణి వయసు, బరువు, టీకాల తేదీలు, చెవుల మందు ఏ చెవిలో ఎన్ని చుక్కలు ఏ వేళకు, చూపించవలసిన డాక్టరు, మీ ఇద్దరి ఫోన్లు, మీరు దొరకనప్పుడు నిర్ణయం తీసుకోగల ఊళ్లోని ఇంకొకరి ఫోను రాయండి. అవసరమైతే ఇన్ని వేల రూపాయల వరకు నన్ను అడగకుండానే వైద్యం చేయించండి అని కూడా రాసి, కొంత డబ్బు ముందుగా ఇచ్చిపెట్టండి. డబ్బు ఎవరిస్తారోనని సందేహిస్తూ పొద్దున దాకా ఆగడం వల్ల చేయిదాటిపోయిన కుక్కలను నేను చూశాను. పొట్ట ఉబ్బి, కక్కుకోవడానికి ప్రయత్నించినా ఏమీ రాకపోతే, చిగుళ్లు తెల్లబడితే, రోజంతా మూత్రం పోయకపోతే, 24 గంటలు ఏమీ ముట్టకపోతే ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాలని వివరంగా రాయండి. మొదటిరోజు బెంగతో సగం అన్నం వదిలేస్తే కంగారు పడనక్కర్లేదు. కాగితం ఇచ్చేటప్పుడు వాళ్లను ఒక మాట అడగండి: రాత్రి రెండింటికి 30 కిలోల కుక్కను ఏ బండిలో ఎక్కించుకుని వెళ్తారు? ఆటో ఫలానావాళ్లది, ఫోను చేస్తే వస్తాడు అని తడుముకోకుండా చెప్పినవాళ్లు ఇంతకుముందు ఎప్పుడో అలా వెళ్లి ఉంటారు.

తిండి విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఇంట్లో ఏం తింటుందో అదే అక్కడా తినాలి. రాగి సంగటి, పెరుగు, గుడ్డు తింటుంటే అదే వండిపెట్టమనండి, పొడి ఆహారమైతే 20 రోజులకు సరిపడా సంచి ఇవ్వండి. వాళ్లు పెట్టేదే పెడతామంటే ఇప్పటి నుంచే వారం రోజుల పాటు కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేయండి. ఉల్లిపాయ వేసి వండిన కూర అన్నం, ఉడికించిన కోడి ఎముకలు వద్దని చెప్పండి. ఉల్లి కుక్కల రక్తకణాలను నాశనం చేస్తుంది, ఉడికిన ఎముక పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. చెవుల్లో చీము పట్టే కుక్క కాబట్టి ఈ 20 రోజులు స్నానం చేయించవద్దని, వానలో తడిస్తే చెవులు పొడిగుడ్డతో తుడవాలని కూడా చెప్పాలి. మీరు కప్పుకుని ఉతకకుండా ఉంచిన పాత చీరో దుప్పటో ఒకటి దాని పక్కన వేయించండి.

ఇంక పరీక్ష రాత్రి. ఈ నెలలో ఒక రోజు పొద్దున దింపి సాయంత్రానికి తెచ్చుకోండి. పది రోజులాగి ఒక రాత్రి ఉంచండి. అక్టోబరు మొదట్లో రెండు రాత్రులు ఉంచండి. ప్రతిసారీ దింపేముందు, తెచ్చాక తూకం వేయండి. ఇంటికి రాగానే గోళ్లు, పాదాల అడుగు చూడండి, పిలిచి మొరిగించి గొంతు బొంగురుపోయిందేమో వినండి, నీళ్ల గిన్నె ముందు పెడితే ఆగకుండా తాగేస్తోందేమో చూడండి, చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో పిడుదులు వెతకండి. అలసిపోయి పడి నిద్రపోవడం మామూలే. రెండోసారి తీసుకెళ్లినప్పుడు గేటు దగ్గరికి రాగానే తోక ఊపుతూ ముందుకు లాగిందా, కాళ్లు తన్ని వెనక్కి లాగిందా అన్నదాన్ని మించిన సాక్ష్యం నాకు తెలియదు. రాణి మాటలు రాని సాక్షి, దాని మాట వినండి.

రెండు చోట్లా రాణి కుదురుకోలేకపోతే, అప్పుడు మీరు ప్రయాణాన్నే సర్దుకోవాలని నా సలహా. కాన్పుకు తల్లిగా మీరు ముందు వెళ్లండి, బిడ్డను చూడటానికి మీ వారు దీపావళి గడిచాక వెళ్లవచ్చు. ఆయన సెలవులు కూడా కలిసొస్తాయి, 20 రాత్రులు పది రాత్రులవుతాయి, చప్పుళ్ల రోజుల్లో రాణి తన మంచం కిందే ఉంటుంది. ఖర్చు గురించి బెంగపడ్డ ఆయనకు ఈ ఏర్పాటు నచ్చవచ్చు కూడా.

దింపే రోజు పొద్దునపూటే వెళ్లండి, పగలంతా ఆ చోటు చూసుకుని రాత్రికి కొంత అలవాటు పడుతుంది. గేటు దగ్గర ఎక్కువసేపు ముద్దు చేయకుండా, తాడు వాళ్ల చేతికిచ్చి వెనుదిరిగి వచ్చేయండి, మళ్లీ ఒకసారి చూద్దామని వెనక్కి వెళ్లవద్దు. తిరిగి తెచ్చుకునేటప్పుడూ పొద్దునే వెళ్లండి, రాత్రిపూట ఉన్న మనిషి అప్పటికి ఇంకా అక్కడే ఉంటాడు, అతన్నే అడగవచ్చు. తెచ్చాక రెండు మూడు వారాలు జ్వరం, దగ్గు, అన్నం మానేయడం, ముక్కు నుంచి నెత్తురు వంటివి కనిపెట్టి చూస్తుండండి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల వరకు మామూలు వేడి, 103 దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లండి, పిడుదుల జ్వరం పైకి తేలడానికి ఒక్కోసారి అన్ని రోజులు పడుతుంది.

మొదటి రాత్రి గడిచిన మర్నాడు, రాణి తాడు అందుకునే ముందు, దాన్ని ఉంచిన గదిలోకి ఒక్క నిమిషం వెళ్లి తలుపు దగ్గరికి వేసి లోపలి వైపు చూడండి. ఏం కనబడిందో నాకు రాయండి, దాన్ని బట్టి రెండో రాత్రి సంగతి ఆలోచిద్దాము.